మూలనపడిన అంబాసిడర్: తీగ పీకే ముందు గుర్తు కట్టాలి

బుక్కరాయసముద్రం: అనంతపురం నుంచి తాడిపత్రి పోయే దారిలో వున్న ఈ ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. కరవు పంటకు శత్రువే గాని, కొట్టంలో మూలనపడిన పాత కారు రేకుకు కొంత మేలే చేస్తుంది. తేమ తక్కువ కనుక తుప్పు నెమ్మదిగా పడుతుంది. అయితే ఆ ఎండకే తీగల మీది తొడుగు పెళుసెక్కి, ముట్టుకుంటే రాలుతుంది. మిగిలినది ఎలుకల పాలు. పైకి గట్టిగా కనిపించే బండికి అసలు రోగం వైరింగులోనే వుంటుంది.

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1957లో తయారీ మొదలుపెట్టిన అంబాసిడర్, బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా బండి. 2014 మే నెలలో దాని తయారీ ఆగిపోయింది. కేంద్రప్రభుత్వం 2021 జూలైలో తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి అసలు రూపం చెడని కార్లను ‘వింటేజ్’ వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. ఛాసిస్, బాడీ, ఇంజను మార్పులకు లోనైన బండికి ఆ అవకాశం లేదు. నమోదైనా బాడుగకు, రోజువారీ తిరుగుడుకు వాడరాదు. కాబట్టి బండిని తూకానికి అమ్మే ముందు గాని, మరమ్మతుకు ఇచ్చే ముందు గాని అందులో వున్నది ఏ ఇంజనో తేల్చుకోవాలి.

ఏ ఇంజనో తెలిసేదెలా?

తొలి అంబాసిడర్లలో 1476 సి.సి. సైడ్ వాల్వ్ ఇంజను వుండేది. దాని హెడ్ చదునుగా వుంటుంది, ప్లగ్గులు పైన నిలబడి వుంటాయి. 1959 ప్రాంతంలో 1489 సి.సి. ఇంజను వచ్చింది. దీని హెడ్ పైన టాపెట్ కవరు, పక్కన ప్లగ్గులు వుంటాయి. ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటరు ఒక వైపు, కార్బురేటరు, పొగగొట్టం మరో వైపు కనిపిస్తాయి. ప్లగ్గులు మండే వరుస 1-3-4-2. కాయిలు, ప్లగ్గులు లేకుండా పంపు, నాజిల్స్ వుంటే అది డీజిల్ ఇంజను. 1817 సి.సి. ఇసుజు ఇంజను 1990లలో వచ్చినది. యాభై ఏళ్ల బండిలో అది వుంటే, మధ్యలో మార్చారన్నమాటే. ఇంజను మీది నంబరును మసి తుడిచి, ఆర్.సి. పుస్తకంతో సరిచూడాలి.

రంగులే దారి చూపుతాయి

ముందుగా బ్యాటరీ విప్పాలి. విప్పే ప్రతి తీగకూ చీటీ కట్టి, అది ఎక్కడిదో రాసుకోవాలి. పైన రంగు వెలిసినా, చుట్టిన పట్టీ విప్పితే లోపల తెలుస్తుంది. లూకస్ పద్ధతిలో కాఫీపొడి రంగు తీగలో బ్యాటరీ కరెంటు ఎప్పుడూ వుంటుంది. తెలుపులో తాళం తిప్పితేనే వస్తుంది. ఆకుపచ్చ ఫ్యూజు దాటి వచ్చేది. నీలం హెడ్‌లైట్లది, ఎరుపు చిన్న లైట్లది, నలుపు బాడీకి కలిపేది. లోగడ మరమ్మతు జరిగిన బండిలో రంగును మాత్రమే నమ్మరాదు, బల్బు పెట్టి చూడాలి.

ఆ కాలపు బ్రిటన్ నమూనా బండ్లలో బ్యాటరీ ప్లస్ కొనను బాడీకి కలిపేవారు. తర్వాత మైనస్ కలిపే పద్ధతి వచ్చింది. ఏదో చూడకుండా బిగించరాదు.

పాత పెట్టెలో ఫ్యూజులు రెండే. హెడ్‌లైట్ల తీగ వాటి గుండా పోదు. దాని తొడుగు చిట్లి రేకుకు తగిలితే ఆపే ఫ్యూజు లేదు, మంట లేస్తుంది. 45 వాట్ల హెడ్‌లైట్లు రెండూ వెలిగితే 12 వోల్టుల బ్యాటరీ నుంచి సుమారు ఎనిమిది ఆంపియర్లు లాగుతాయి. ఇంటి వైరింగుకు వాడే ఒంటి పోగు తీగ బండి కుదుపులకు విరుగుతుంది. పలు పోగుల ఆటో తీగే వేయాలి. ఫ్యూజు పోయినచోట రాగి పోగు చుట్టడం ప్రమాదం.

పని ముగిశాక స్విచ్చులన్నీ ఆపి, తలుపులు మూసి, బ్యాటరీ కొనకూ తీగకూ మధ్య 12 వోల్టుల బల్బు కలపాలి. బల్బు వెలిగితే ఎక్కడో తీగ రేకును తాకుతున్నట్టే. ఆ చోటు దొరికేదాకా సెల్ఫ్ కొట్టరాదు.