4.3 మాడ్యులర్ బోర్డులు – డివైస్ ట్రీ ఓవర్‌లేలు

బోర్డుపై ఏ హార్డ్‌వేర్ ఎక్కడ ఉందో లినక్స్ కెర్నెల్‌కు డివైస్ ట్రీ తెలుపుతుందని గత భాగంలో చదివారు. మరి అదే బోర్డుకు ఒకరు డిస్‌ప్లే కార్డు, మరొకరు మోటారు కంట్రోల్ కార్డు తగిలిస్తే? ప్రతి కలయికకూ విడి ట్రీ రాయవచ్చు. కాని ఐచ్ఛిక కార్డులు ఐదు ఉంటే కలయికలు 32 అవుతాయి. మూల బోర్డులో ఒక్క పిన్ మారినా 32 ఫైళ్లనూ సవరించాలి.

అందుకే మూల ట్రీని ఒక్కటిగానే ఉంచి, ఒక్కొక్క కార్డుకు ఒక ఓవర్‌లే రాస్తారు. బీగిల్‌బోన్ బ్లాక్‌ను ఉదాహరణగా తీసుకోండి. దీనికి తగిలించే కార్డులను ‘కేప్‌లు’ అంటారు. కేప్‌పై ఉండే చిన్న ఈఈప్రామ్‌లో కార్డు పేరు, వెర్షన్ నమోదై ఉంటాయి. ఐ2సీ బస్‌పై హెక్సాడెసిమల్ 54 నుంచి 57 వరకు గల నాలుగు చిరునామాలు వీటికి కేటాయించారు. అంటే నాలుగు కేప్‌ల వరకే ఈ గుర్తింపు సాధ్యం. బూట్‌లోడర్ అయిన యూ-బూట్ వీటిని చదివి, తగిన ఓవర్‌లేను మూల ట్రీలో కలిపి, ఆ తరువాతే కెర్నెల్‌ను ప్రారంభిస్తుంది.

ఓవర్‌లే మూల ట్రీలోని నోడ్‌లను లేబుళ్ల ద్వారా సూచిస్తుంది. కనుక మూల ట్రీని కంపైల్ చేసేటప్పుడు డీటీసీకి ‘-@’ ఆప్షన్ ఇవ్వాలి. ఇవ్వకపోతే లేబుళ్ల పట్టిక ఫైలులో చేరదు, ఓవర్‌లే అతకదు. సులువుగా మరచిపోయేది ఇదే. కలపడానికి ముందు ‘ఎఫ్‌డీటీ రీసైజ్’ కమాండ్‌తో ట్రీకి అదనపు చోటు కల్పించాలి.

‘ఎఫ్‌డీటీ అప్లై’ విఫలమైతే ఓవర్‌లేతో పాటు మెమరీలోని మూల ట్రీ కూడా చెల్లకుండా పోతుంది. దానితోనే ముందుకు వెళితే పరికరం బూట్ కాదు. అది ఏ టవర్ మీదో బిగించినదైతే మనిషి ఎక్కి వెళ్లక తప్పదు. కాబట్టి మీ బూట్ స్క్రిప్టులో వైఫల్యాన్ని పరీక్షించి, మూల ట్రీని తిరిగి లోడ్ చేసి, ఆ కార్డు లేకుండానైనా బూట్ అయ్యే దారి ఉంచండి.