పెట్టుబడితో పరదేశ నివాసము

2025 జూలై మొదటి వారమున మన దేశపు పత్రికలలో ఒక వార్త వెలువడి నిర్మల్ బజారు దాకను వచ్చినది. ఒక లక్ష దిర్హములు, అనగా సుమారు 23 లక్షల 30 వేల రూపాయలు, రుసుముగా చెల్లించినచో భారతీయులకు యునైటెడ్ అరబ్ ఎమిరేట్సులో జీవితాంతము నివసించుటకు 'గోల్డెన్ వీసా' లభించునని ఆ వార్త. ఇల్లు కొననక్కరలేదు, వ్యాపారము పెట్టనక్కరలేదు, రుసుము కట్టిన చాలునట! పొలము నమ్మియో ఇంటిస్థలము నమ్మియో సమకూర్చుకొనవచ్చునని తోచు మొత్తము గనుక, గల్ఫుతో సంబంధమున్న యిండ్లలో దీనిని గూర్చి మాటలు సాగినవి. జూలై 8వ తేదీన ఎమిరేట్సు ప్రభుత్వమున వీసాల వ్యవహారము చూచు సమాఖ్య సంస్థ అట్టి పథకమేదియు లేదని ప్రకటించినది. వార్తకు మూలమైన సలహాసంస్థ పిదప క్షమాపణ చెప్పుకొన్నది.

రెండు దినములలో నీటిబుడగవలె పేలిన వార్తను మరల ఎత్తుకొననేల యని శ్రోతలు అడుగవచ్చును. వార్త అబద్ధమైనను దాని వెనుకనున్న ఆశ అబద్ధము కాదు. పెట్టుబడి పెట్టినవానికి నివాసాధికారమిచ్చు పద్ధతి లోకమున నిజముగనే కలదు; ఎమిరేట్సులోను కలదు. అది ఎవరికి అందును, ఎంత సొమ్ముతో అందును, అందిన పిదప దాని బలమెంత అను సంగతులు తెలియకపోవుట వలననే యిట్టి వార్తలకు కాళ్లు మొలచుచున్నవి. కావున ఆ సంగతులను వివరింపదలచితిమి.

మొదట మామూలు వీసా మాట. నిర్మల్, ఆదిలాబాదు, జగిత్యాల, కరీంనగర్, సిరిసిల్ల ప్రాంతముల నుండి గల్ఫునకు పోవు కూలీలలో, తాపీపనివారిలో, డ్రైవర్లలో అత్యధికులకు నివాసము ఉద్యోగమునకు తోక వంటిది. పనిచ్చు యజమాని, అనగా మనవారు 'కఫీలు' అనునతడు, తన పూచీపై పిలిపించును. అతనివద్ద పని యున్నంత కాలమే ఆ దేశమున ఉనికి. పని పోయినచో కొద్దిపాటి గడువులోపల మరియొక యజమానిని వెదకుకొనవలెను, లేదా విమానమెక్కవలెను. ఇరువది ఏండ్లు దుబాయిలో నుండినవాడైనను ఈ విషయమున నిన్న దిగినవానితో సమానుడే.

ఈ కట్టు విప్పుకొనవలెనను తహతహ నుండియే మన జిల్లాలలో 'ఆజాద్ వీసా' అను మాట పుట్టినది. ఎవడో ఒక కఫీలు కాగితము మీద ఉద్యోగము చూపి వీసా నమ్మును. కొన్నవాడు వేరెక్కడనో తనకు దొరకిన పని చేసికొనుచు ఏటేట ఆ కఫీలునకు ముడుపు చెల్లించుకొనును. పేరు ఆజాదే గాని చట్టమున అట్టి వీసా లేనే లేదు. కఫీలు ఆగ్రహించినను, తనిఖీవారు పట్టుకొన్నను మనిషి 'ఖల్లివెల్లి' యగును. ఎమిరేట్సు ప్రభుత్వము 2007లోను, 2018లోను, మరల 2024 సెప్టెంబరు నుండి డిసెంబరు వరకును క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఔట్‌పాసు కొరకు వరుసలు కట్టినవారిలో మన ప్రాంతపు వారును ఉండిరి. పూచీదారు లేని నివాసము అనగనే మనవారి చెవులు నిక్కుటకు కారణమిది.

పెట్టుబడి నివాసమున ఈ పూచీదారు ఉండడు. పెట్టిన ధనమో, నడుపు వ్యాపారమో పూచీ యగును. దీనిని పౌరసత్వముతో కలిపి చూడరాదు. పదేండ్ల నివాసమిచ్చినను పాసుపోర్టు మన దేశపుదే. వేరొక దేశపు పౌరసత్వమును స్వేచ్ఛగా స్వీకరించినవాడు 1955 నాటి పౌరసత్వ చట్టమునుబట్టి భారత పౌరుడు కాకుండ పోవును. నివాసానుమతి తీసికొన్నంత మాత్రమున ఆ చిక్కు లేదు.

ఎమిరేట్సులో ఈ నివాసము రెండు అంతస్తులుగా నున్నది. క్రింది అంతస్తు చిన్న వ్యాపారులది. దీనిని మనవారు 'పార్టనర్ వీసా' అందురు. లక్ష్మణచాంద మండలపువాడొకడు షార్జాలో పదునైదేండ్లు ఏ.సి. మెకానిక్కుగా పనిచేసి సొంతముగ మరమ్మతు దుకాణము పెట్టదలచినాడనుకొందము. అతడు వ్యాపారనామము నమోదు చేయించి, ఆర్థికాభివృద్ధి శాఖ నుండి ట్రేడ్ లైసెన్సు పొంది, దుకాణము అద్దెకు తీసికొని, ఆ లైసెన్సుపై తన పేరిట పెట్టుబడిదారు వీసాకు దరఖాస్తు చేయును. వైద్యపరీక్ష యగును, గుర్తింపుకార్డు వచ్చును. గడువు సాధారణముగ రెండేండ్లు. 2021 జూన్ నాటికి పూర్వము స్వేచ్ఛామండలముల వెలుపల పెట్టు సంస్థలలో సామాన్యముగా నూటికి 51 వంతులు స్థానికుని పేరిట నుండవలసి యుండెను. ఆ స్థానికునికి ఏటేట ముట్టజెప్పునది వ్యాపారి లెక్కలలో మొదటి ఖర్చు. ఆ సంవత్సరము చట్టము సవరించి, పెక్కు వ్యాపారములలో విదేశీయుడే పూర్తి యజమానిగా నుండుటకు వీలు కల్పించిరి. మనవంటి చిన్నవారికి గోల్డెన్ వీసా కంటె ఈ మార్పే ఎక్కువ మేలు చేసినదని మా అభిప్రాయము. దీనిని గూర్చి మాటలాడువారు మాత్రము తక్కువ.

అయితే యిచ్చట ఒక గోతి కలదు. వీసా కొరకే లైసెన్సు, లైసెన్సు కొరకే సంతకము అను పద్ధతిలో, వ్యాపారమేమో తెలియకయే భాగస్వాములుగా చేరువారు కలరు. 'నీవు పేరు పెట్టించుకొనుము, వీసా వచ్చును, నీ పని నీవు చేసికొనుము' అని బంధువో మిత్రుడో చెప్పును. ఇది ఆజాద్ వీసాకు కొత్త చొక్కా తొడుగుట. ఏకయజమాని సంస్థయైనచో దాని అప్పులన్నియు ఆ యజమాని సొంత అప్పులే. పరిమిత బాధ్యతా సంస్థయైనచో భాగస్వామి తన వాటా మేరకే బాధ్యుడు; కాని అతడు సొంత హామీగా చెక్కులు సంతకము చేసి యిచ్చియున్నచో ఆ పరిమితి అతనిని కాపాడదు. ఖాతాలో సొమ్ము చాలక తిరిగివచ్చిన చెక్కునకు వెనుక చెరసాల యుండెడిది. 2022 జనవరి నుండి ఆ నేరశిక్ష చాలవరకు తొలగించి, చెక్కునే కోర్టుతీర్పు వలె అమలుపరచు పద్ధతి తెచ్చిరి. జైలు తప్పినను ప్రయాణ నిషేధము పడవచ్చును; అప్పుడు తల్లి చనిపోయినను ఊరికి రాలేని స్థితి యగును.

ఇక ఖర్చుల లెక్క. లైసెన్సు ఏటేట పునరుద్ధరింపవలెను. మరచినచో జరిమానా, దానితోపాటు వీసాకును ఎసరు. 2023 జూన్ నుండి ఆ దేశమున సంస్థల లాభముపై పన్ను వచ్చినది. సంవత్సరమునకు 3 లక్షల 75 వేల దిర్హముల వరకు లాభముపై పన్ను లేదు. మించినదానిపై నూటికి 9 వంతులు. మన మెక్కానిక్కునకు అంత లాభము రాకపోవచ్చును. ఐనను పరిమిత బాధ్యతా సంస్థగా పెట్టినచో లాభమున్నను లేకున్నను పన్ను శాఖవద్ద నమోదు కావలసినదే. గడువు దాటి నమోదైనవారికి 10 వేల దిర్హముల అపరాధ రుసుము పెట్టిరి. దుబాయిలో పన్ను లేదని ఊరిలో నేటికిని చెప్పుకొనుట కలదు గనుక ఈ మాట వ్రాయవలసి వచ్చినది.

పై అంతస్తు గోల్డెన్ వీసా. ఇది 2019లో ఆరంభమై, 2022 అక్టోబరులో అమలైన నియమములతో నేటి రూపము దాల్చినది. పెట్టుబడిదారునకు దారులిట్లున్నవి: 20 లక్షల దిర్హములకు తగ్గని విలువ గల స్థిరాస్తి కొనవచ్చును, లేదా గుర్తింపు పొందిన పెట్టుబడి నిధిలో 20 లక్షల దిర్హములు ఉంచవచ్చును, లేదా అంతే మూలధనము గల వ్యాపార సంస్థ చూపవచ్చును, ఏటికి రెండున్నర లక్షల దిర్హములకు తగ్గకుండ పన్ను కట్టు సంస్థ యజమానియు అర్హుడే. దారినిబట్టి ఐదేండ్లకో పదేండ్లకో ఇచ్చి, అర్హత నిలిచియున్నచో తిరిగి పొడిగింతురు. సామాన్య వీసాదారుడు ఆరు నెలలకు మించి దేశము వెలుపలనున్నచో వీసా చెల్లకపోవును. గోల్డెన్ వీసాదారునకు ఆ భయము లేదు. భార్యను, పిల్లలను తన వీసాపై ఉంచుకొనవచ్చును. జీవితాంతమనునది మాత్రము ఈ నియమములలో ఎచ్చటను లేదు.

20 లక్షల దిర్హములనగా మన రూపాయలలో 2025 నాటి మారకమున నాలుగున్నర కోట్లు దాటును. ఆ సొమ్ము ఇక్కడనున్న మనిషి ఇక్కడి నుండి పంపదలచినచో మన రిజర్వు బ్యాంకు నియమములు వర్తించును. దేశమున నివసించు వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరమున రెండున్నర లక్షల డాలర్లకు మించి పంపరాదు. 1997 నుండి డాలరునకు 3.6725 దిర్హములను స్థిరమైన లెక్క యున్నది గనుక, 20 లక్షల దిర్హములు సుమారు 5 లక్షల 44 వేల డాలర్లగును. ఒక్కడే పంపవలెనన్నచో మూడు ఆర్థిక సంవత్సరములు తగులును. భార్యాభర్తలు, వయసు వచ్చిన పిల్లలు ఎవరి పరిమితిలో వారు పంపవచ్చును. అట్లయినచో ఆ ఆస్తిలో వారును హక్కుదారులుగా నుండవలెను. ఇట్టి పెట్టుబడికి పంపు సొమ్మును ఇక్కడి బ్యాంకు అప్పుగా నీయరాదు. ఇవి చాలవన్నట్లు, 10 లక్షల రూపాయలు దాటిన మొత్తముపై నూటికి 20 వంతుల పన్నును బ్యాంకు ముందుగనే వసూలు చేయునని 2025 ఏప్రిల్ నాటి నియమము. అది ఆదాయపు పన్నులో సర్దుబాటగును గాని అంతవరకు చేతిలోని సొమ్ము తగ్గినదే.

ఈ లెక్క చూచిన పిమ్మట, లక్ష దిర్హములకే జీవితాంతపు వీసా యన్న మాట ఎంత దూరమో తెలియును. రుసుము వేరు, పెట్టుబడి వేరు. పెట్టుబడి యనగా ఆస్తిగనో వాటాగనో మన పేరిట నిలిచియుండునది. రుసుము కట్టిన వెంటనే మనది కాదు.

ధనమొక్కటే దారి యనుకొనుటయు సరికాదు. వైద్యులకు, శాస్త్రజ్ఞులకు, ప్రతిభ చూపిన విద్యార్థులకు గోల్డెన్ వీసాలో వేరు తరగతులున్నవి. 2025 మేలో దుబాయి హెల్త్ సంస్థలో 15 ఏండ్లకు మించి సేవచేసిన నర్సులకు ఈ వీసా నీయవలెనని అచ్చటి యువరాజు ఆదేశించెను. ఈ సంగతి విన్నప్పుడు మాకు మన నిర్మలే జ్ఞప్తికి వచ్చినది. 17వ శతాబ్దమున ఈ కోటనేలిన నిమ్మనాయుడు నకాషీ పనివారిని దూరప్రాంతముల నుండి రప్పించి ఇచ్చట నిలిపెనని ప్రతీతి. వారు వెంట తెచ్చినది ధనము కాదు, చేతిపని. పొణికికొయ్యపై వారి సంతతివారు దిద్దిన బొమ్మలే నేడు ఊరికి పేరు తెచ్చుచున్నవి. 1955లో ఆ కళాకారులకు సహకార సంఘమును ఏర్పడినది.

సౌదీ అరేబియా 2019లో పూచీదారు లేని 'ప్రీమియం' నివాసమును ప్రవేశపెట్టినది. శాశ్వత నివాసమునకు 8 లక్షల రియాళ్లు, ఏడాది వంతున కావలెనన్నచో లక్ష రియాళ్లు. ఇది పెట్టుబడి కాదు, రుసుమే. అచ్చటి మన కూలీలకు ఇది ఆకాశమునందలి చుక్క.

అమెరికా పద్ధతి మరియొక విధము. అచ్చట ఉద్యోగపు వీసాపై పనిచేయుచు గ్రీన్‌కార్డు కొరకు భారతీయుల పొడవైన వరుసలో నిలిచిన తెలుగు యువకుల తండ్రులు మన కరీంనగర్ ప్రాంతమునను కలరు. వారి నోట 'ఈబీ-5' అను మాట వినబడును. 1990లో చేసిన చట్టమిది. 2022 మార్చి సవరణ ప్రకారము పల్లెప్రాంతములందో, నిరుద్యోగము హెచ్చుగనున్న చోటులందో ఐనచో 8 లక్షల డాలర్లు, ఇతర చోట్ల పదిన్నర లక్షల డాలర్లు వ్యాపారమున పెట్టి, పదిమందికి పూర్తికాలపు ఉద్యోగములు కల్పింపవలెను. మొదట రెండేండ్ల షరతు నివాసము. ఉద్యోగములు నిజముగ ఏర్పడినవని నిరూపించినపిదప షరతు తొలగును. ఆ సొమ్ము నష్టమునకు లోబడినదై యుండవలెనని చట్టమే చెప్పుచున్నది. అనగా తిరిగి వచ్చునని హామీ యిచ్చినచో అది అర్హమైన పెట్టుబడియే కాదు. 'మీ సొమ్మునకు మా పూచీ' అని చెప్పు మధ్యవర్తి చట్టమునకే విరుద్ధముగ మాటలాడుచున్నాడన్నమాట. సొమ్ము న్యాయార్జితమని పైసాపైసాకు కాగితము చూపవలెను. పొలమమ్మిన సొమ్ములో సగము నగదుగ తీసికొన్నవాడు ఇచ్చటనే ఆగిపోవును.

తలుపు తెరచినవారే మూయుదురు. కెనడా తన కేంద్ర పెట్టుబడి వలస పథకమును 2014లో రద్దుచేసెను. బ్రిటను 2022 ఫిబ్రవరిలో మూసెను. స్పెయిను 2025 ఏప్రిల్లో నిలిపెను. తెలుగువారికి ఇంతకంటె చేదు అనుభవము బర్మాలో కలిగినది. కోస్తా జిల్లాల నుండి పోయి రంగూను రేవులలో, బియ్యపు మిల్లులలో పనిచేసి, కొందరు దుకాణములు పెట్టుకొని, తరములు గడపిరి. 1962లో అధికారమునకు వచ్చిన నె విన్ ప్రభుత్వము 1964లో దుకాణములను జాతీయము చేసినపుడు వారిలో పెక్కురు కట్టుబట్టలతో ఓడలెక్కిరి. విశాఖపట్టణములోని బర్మా క్యాంపు ఆ నాటి గుర్తు.

పార్టనర్‌గా చేరుమని యింటికి వచ్చినవానిని లైసెన్సు నకలు అడుగవలెను. అందు మన వాటా ఎంత, సంతకాధికారము ఎవరిది, సంస్థకు అప్పులున్నవా అని చూడవలెను. అరబ్బీ పత్రముపై అర్థము తెలిసికొనక సంతకము చేయరాదు. వదలిపోవు దారిని చేరునాడే తెలిసికొనవలెను. దుబాయిలో సంస్థను మూయవలెనన్నచో పనివారి బాకీలు తీర్చి, వారి వీసాలు రద్దుచేయించి, లెక్కలు తేల్చు అధికారిని నియమించి, ఋణదాతలకు ప్రకటన యిచ్చి, గడువు ముగిసిన పిదపనే లైసెన్సు రద్దగును. ఆ రద్దు పత్రము చేతికి రాకమునుపే విమానమెక్కి నిర్మల్ చేరినవాని పేరు అచ్చటి పుస్తకములలో భాగస్వామిగనే నిలిచియుండును. దుకాణము మూతపడినను జరిమానాలు పెరుగుచునే యుండును.