పరవాడ బూడిద కలిస్తే కల్తీయేనా?

“బూడిద కలిపిన అల్యూమినియం కల్తీ సరుకు” అన్న మాట ఇకనైనా ఆగాలి. ఆ ముద్ర పడ్డాక కొనేవాడు పరీక్ష రిపోర్టు కూడా తిరగేయడు. నష్టం మనకే. పరవాడలో 2000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ కేంద్రం బొగ్గు కాల్చినంతకాలం బూడిద వస్తూనే ఉంటుంది. ఎండాకాలం గాలి లేస్తే ఆ దుమ్ము పీల్చేది చుట్టుపక్కల ఊళ్లవాళ్లే.

చాటుగా కలిపి నాణ్యత చెడగొట్టడం, లెక్క ప్రకారం కలిపి గుణం మార్చడం ఒకటెలా అవుతాయి? ఈ బూడిద (ఫ్లైయాష్) రేణువుల్లో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా. రెండూ అల్యూమినియం కన్నా ఎంతో గట్టివి. బూడిదను ముందే వేడిచేసి తేమ పోగొట్టి, కరిగిన లోహాన్ని సుడి తిరిగేలా కలుపుతూ కొద్దికొద్దిగా పోస్తారు. ద్రవలోహం రేణువును అంటుకోవడానికి కాస్త మెగ్నీషియం వేస్తారు. లేకపోతే బూడిద ఉండకట్టి పైకి తేలుతుంది. సరిగ్గా పోస్తే ఆ రేణువులు భారాన్ని పంచుకుంటాయి, అరుగుదలను అడ్డుకుంటాయి, బరువూ తగ్గిస్తాయి. ఒకప్పుడు భోపాల్ సీఎస్ఐఆర్ ప్రయోగశాలను నడిపిన ప్రదీప్ రోహత్గీ తర్వాత అమెరికాలో ఈ ‘యాష్ అల్లాయ్’ల మీదే ఏళ్లతరబడి పనిచేశారు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం మెటలర్జీ పరిశోధకులు 2010లోనే ఇలాంటి మిశ్రమాలపై ఫలితాలు ప్రచురించారు.

పెళుసుదనం పెరుగుతుందన్న మాటను మాత్రం ఒప్పుకోక తప్పదు. సాగే గుణం తగ్గుతుంది, దెబ్బకు ఓర్చుకోదు. క్రేను కొక్కేనికి ఇది పనికిరాదు. పుల్లీలకు, మోటారు కవర్లకు వాడితే తప్పేమిటి?

బూడిద మీద పడ్డ ముద్రే బుడగల మీదా పడుతుంది. బుడగలున్న పోతంతా చెడిన పోతేనా? కాదు. కరిగిన అల్యూమినియంలో టైటానియం హైడ్రైడ్ వేసి హైడ్రోజన్ పుట్టించి కావాలనే లోహాన్ని నురుగు చేస్తారు. సాంద్రత పదోవంతుకు దిగితే దృఢత్వం సుమారు నూరోవంతే మిగులుతుంది. కానీ అదే బరువు లోహాన్ని పదిరెట్ల మందమున్న నురుగు పలకగా పోస్తే, వంగకుండా నిలిచే శక్తి దాదాపు పదిరెట్లు అవుతుంది. నలిగేటప్పుడు ఢీకొన్న దెబ్బనూ మింగేస్తుంది. ఎక్కడపడితే అక్కడ పడిన బ్లోహోల్ అలా కాదు, అది లోపమే.

ఇక బూడిద కలిపిన మిశ్రమాలతో థర్మల్ కేంద్రం బూడిద చెరువు ఖాళీ అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. టన్నులకొద్దీ బూడిదను వాడేవి సిమెంటు, ఇటుకలే.

కొనేటప్పుడు మాటల మీద ఆధారపడవద్దు. ముక్క కోయించి, సూక్ష్మదర్శినిలో బూడిద ఉండలు కట్టిందేమో చూడండి. సాంద్రత కొలిపించండి. మామూలు అల్యూమినియాన్నీ అదే అచ్చులో పోయించి, రెండు ముక్కలనూ ఒకే యంత్రం మీద లాగించి అంకెలు అడగండి.