ఆయన రాకపోయినా... ఆమె వెళ్లొచ్చు!

'ఆయన ఒప్పుకుంటే కదా ఆసుపత్రికి తీసుకెళ్లేది!' తాగుడుతో నలిగిపోతున్న ఏ ఇంట్లోనైనా వినిపించే మాటే ఇది. కానీ, ఆయన ఒప్పుకునేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. వైద్యం ఇంట్లోవాళ్లతోనూ మొదలవ్వొచ్చు.

సాంబారులో చెంచాడు పొడి కలిపితే చాలు, మర్నాటి నుంచి సీసా ముట్టడు! గోడల మీదా బస్టాండ్లలోనూ ఇలాంటి ప్రకటనలు చూడనివాళ్లు ఉండరు. 'తాగేవారికి తెలియకుండానే మాన్పిస్తాం' అన్న ఒక్క మాట చాలు, చెవి దుద్దులు తాకట్టు పెట్టయినా కొనేస్తారు ఇల్లాళ్లు. అందులో ఏముందో అమ్మేవాళ్లు చెప్పరు. ఇంకొందరు డైసల్ఫిరామ్ మాత్రలు తెప్పించి, నూరి కూరలో కలిపేస్తుంటారు. అసలు ప్రమాదం ఇక్కడే. ఆ మాత్ర ఒంట్లో ఉండగా మద్యం పడితే ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి. ఒక్కోసారి రక్తపోటు పడిపోయి ప్రాణం మీదకొస్తుంది. అందుకే రోగికి చెప్పి, అతను సరేనన్నాకే, వైద్యుల పర్యవేక్షణలో ఇవ్వాల్సిన మందు అది. సంగతి తెలియని మనిషి ఆ సాయంత్రమూ దుకాణానికే వెళతాడు మరి!

అలాగని ఆవిడను తప్పుపట్టీ లాభం లేదు. ఇంకో దారి ఉందని చెప్పినవాళ్లేరీ? దిల్లీ ఎయిమ్స్ నిపుణులు చేసిన జాతీయ సర్వే 2019లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో మద్యానికి బానిసలైనవాళ్లు సుమారు 2.9 కోట్ల మంది. వాళ్లలో ఏదో ఒక చికిత్స అందింది 38 మందిలో ఒక్కరికి. ఆసుపత్రిలో చేరి వైద్యం చేయించుకున్నదైతే 180 మందిలో ఒక్కరే.

తెలుగింటి ఆడవాళ్లకు ఈ పోరాటం కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న ఉద్యమం 1993 అక్టోబరులో సారా నిషేధం తెచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. దుకాణం మూయించడం సరే... ఇంట్లో చేతులు వణుకుతూ కూర్చున్న మనిషిని ఏం చేయాలన్న ప్రశ్న మాత్రం ఇల్లాలికే మిగిలిపోయింది.

ఒట్టు వేయిస్తే సరిపోదు

దేవుడి పటం ముందు ప్రమాణం చేయించి, గదిలో పెట్టి గొళ్లెం వేసే ఇళ్లున్నాయి. రోజూ బాగా తాగే మనిషి ఉన్నపళంగా మానేస్తే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనిపిస్తున్నాయని కొందరు కేకలు పెడతారు. 'గాలి సోకింది' అనుకుని తాయెత్తు కట్టిస్తారు కానీ, అది డెలీరియం ట్రెమెన్స్ అనే అత్యవసర స్థితి. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. 2020 లాక్‌డౌన్‌లో మద్యం, కల్లు దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి రోగులు పోటెత్తింది అందుకే. మత్తుమందులు కలిపిన కల్లుకు అలవాటుపడినవాళ్ల పరిస్థితీ అంతే. ఆసుపత్రిలోనైతే తగిన మందులూ బి1 విటమినూ ఇచ్చి సాధారణంగా వారం పది రోజుల్లో ఈ గండం గట్టెక్కిస్తారు. అసలు చికిత్స మొదలయ్యేది ఆ తర్వాతే.

ఇంటిల్లిపాదికీ...

చెన్నైకి చెందిన శాంతి రంగనాథన్ సంపన్న పారిశ్రామిక కుటుంబం కోడలు. డబ్బుకు కొదవలేకపోయినా మద్యం ఆమె భర్తను 1979లో పొట్టనపెట్టుకుంది. ఆ మరుసటేడే ఆమె టి.టి.రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ ప్రారంభించారు. 1992లో పద్మశ్రీ అందుకున్నారు. తాగే మనిషితో పాటు ఇంట్లోవాళ్లకూ కౌన్సెలింగ్ ఉండాలన్నది అక్కడి పద్ధతి.

రోగి రానంటే? అమెరికాలోని న్యూమెక్సికోలో 130 మంది కుటుంబసభ్యులతో చేసిన అధ్యయనం 1999లో వెలువడింది. తాగేవాళ్లను కూర్చోబెట్టి అందరూ కలిసి నిలదీసే పద్ధతిలో 30 శాతం మందే చికిత్సకు ఒప్పుకున్నారు. ఎలా మెలగాలో ఇంట్లోవాళ్లకు నేర్పించినప్పుడు ఏకంగా 64 శాతం మంది వచ్చారు! ఆ నేర్పేవి బ్రహ్మవిద్యేమీ కాదు. మత్తులో ఉన్నప్పుడు వాదనకు దిగకూడదు. తాగని పూట ఆప్యాయంగా దగ్గర కూర్చోవాలి. ఆఫీసుకు ఫోన్ చేసి 'ఆయనకు జ్వరమండీ' అని అబద్ధం చెప్పడం, బెల్టుషాపు బాకీ తీర్చడం మానేయాలి. మాట్లాడాల్సింది తెల్లారాక, తల దిమ్మెక్కి ఆయనే 'ఛీ' అనుకునే వేళ. 'డాక్టరు దగ్గరికి ఎప్పుడెళ్దాం?' అని అడగాల్సిందీ అప్పుడే. చేయి చేసుకునే మనిషైతే మాత్రం ఈ ఓపికలన్నీ పక్కనపెట్టి 181కి ఫోన్ చేయాలి.

ఎక్కడికెళ్లాలి?

మాదకద్రవ్యాలూ మద్యం నుంచి బయటపడేందుకు జాతీయ టోల్‌ఫ్రీ నంబరు 14446. మానసిక ఆరోగ్యానికి 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు. రోగే చేయాలన్న నియమం లేదు, భార్యో అమ్మో పిల్లలో చేయొచ్చు. ఎర్రగడ్డతో పాటు విశాఖలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. కేంద్రం నిధులిచ్చే స్వచ్ఛంద పునరావాస కేంద్రాలూ ఉన్నాయి. ప్రైవేటు కేంద్రంలో చేర్చేముందు అక్కడ డాక్టరున్నారో లేదో, రోగిని చూడనిస్తారో లేదో కనుక్కోవాలి. గొలుసులతో కట్టేయడం 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నిషిద్ధం.

మూడు నెలలు ముట్టకుండా ఉన్న మనిషి ఏ పెళ్లిలోనో మళ్లీ గ్లాసు పట్టొచ్చు. 'అంతా బూడిదలో పోసిన పన్నీరే' అని ఇల్లంతా కుంగిపోయేది అప్పుడే. షుగరు, బీపీల్లాగే ఇదీ తిరగబెట్టే జబ్బు. ఆ రాత్రికి ఏమీ అనకుండా, మర్నాడు పాత మందుల చీటీ తీసుకుని ఓపీకి వెళ్తే సరి.