వలస వచ్చిన సూత్రధారుడు: ఒక అమెరికా విద్యాలయపు ఫుట్‌బాల్ జట్టు

మన గ్రామములనుండి పెక్కుమంది బిడ్డలు చదువులకై అమెరికాకు పోవుచున్నారు. శరదృతువున శనివారము వచ్చినచో తమ విశ్వవిద్యాలయము తిరునాళ్లవలె నుండునని, ఊరంతయు ఫుట్‌బాల్ చూడ కదలునని వారు చెప్పుదురు. విన్న పెద్దలు ‘‘చదువుకొను చోట నీ బంతియాట గొడవ యేమి?’’ యని యడుగుదురు. ఆ గొడవ యెట్టిదో ఒక్క యాటగాని వృత్తాంతమును బట్టి విన్నవించెదను.

ఈ ఫుట్‌బాల్ మనమెరిగిన కాలిబంతి కాదు. బంతి కోలగా నుండును. దానిని చేత బట్టుకొని పరుగెత్తుదురు, విసరుదురు. కాలితో తన్నుట అరుదు. పక్షమునకు పదునొకండుగురు. బంతి గల పక్షమువారు నాలుగు పర్యాయములలో పది గజములు ముందునకు సాగవలెను. సాగినచో మరల నాలుగు పర్యాయములు లభించును. సాగనిచో బంతి యెదుటివారిదగును. ఇట్లు సాగి కడపటి గీతను దాటినచో ఆరు పాయింట్లు. చెడుగుడులో కూతకు వచ్చినవానిని పట్టినట్లే, బంతి గలవానిని ఎదిరిపక్షమువారు పట్టి పడవేయుదురు.

ప్రతి పర్యాయమునను బంతి సాధారణముగా ఒక్కనిచేతికే మొదట వచ్చును. వానిని క్వార్టర్‌బ్యాక్ అందురు. పరుగెత్తువాని కందీయవలెనా, దూరముగా పోవుచున్నవానికి విసరవలెనా, తానే పరుగిడవలెనా యని రెండు మూడు క్షణములలో నాతడు నిశ్చయింపవలెను. ఆలోపుననే బలాఢ్యులు మీదికి దుముకుచుందురు. కూచిపూడి మేళములో సూత్రధారుడెట్టివాడో ఈ జట్టులో క్వార్టర్‌బ్యాక్ అట్టివాడు. వేషగాండ్రెంత ఘనులైనను, సూత్రధారుడు మారినచో అందరును తమ యడుగు సరిచూచుకొనక తప్పదు.

ఇక ఒక విద్యాలయపు ఆటగాడు మరియొక దానికి పోవుట పూర్వము సులభము కాదు. పోయినవాడు సామాన్యముగా ఒక యేడాది ఆడక కూర్చుండవలెను. పట్టము పుచ్చుకొని పైచదువునకు పోవువానికి మాత్రము ఆ నిర్బంధము లేకుండెను. 2021లో ఒక్కమారు కూర్చుండకుండ మారుటకును, 2024లో చదువు సరిగా సాగుచున్నచో ఎన్నిమారులైనను మారుటకును అనుమతి కలిగినది. నేను చెప్పునది ఆ తలుపులన్నియు తెరువకమునుపటి సంగతి.

జో బర్రో యను యువకుడు ఒహాయో రాష్ట్రమున ఎథెన్స్ అను చిన్న యూరివైపు పెరిగినవాడు. 2015లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చట మేటి క్వార్టర్‌బ్యాక్‌లు ముందే యుండిరి. 2017 ఆగస్టులో, తన వంతు దగ్గరపడుచుండగా, సాధనలో బంతి విసరు చేతి యెముక విరిగెను. మూడేండ్లలో పోటీలయందు ఆతడు విసరిన బంతులు 39 మాత్రమే. ఆ మూడేండ్లలోనే పట్టము పుచ్చుకొని, 2018లో లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయమునకు, బాటన్ రూజ్ నగరమునకు తరలిపోయెను. అచ్చటి ఆటరంగమున లక్షకు మించిన జనము కూర్చుండవచ్చును. అంతటి జనమునకు ఆ సంవత్సరములలో ఒక్కటే బెంగ: అలబామా జట్టుచేత ఏటేట ఓటమి.

బర్రో రాగానే అద్భుతములు జరిగినవని కొందరు చెప్పుకొందురు. అది నిజము కాదు. 2018లో జట్టు పది పోటీలు గెలిచి మూడు ఓడెను. అలబామా 29–0 తో చిత్తుచేసెను. బర్రో విసరిన బంతులలో తనవారి చేతికి చేరినవి నూటికి 58 లోపు. అయినను ఒక ఘట్టము చెప్పదగినది. 2019 జనవరి 1న జరిగిన పోటీలో ఆతని బంతిని ఎదుటివాడు అందుకొని పరుగెత్తుచుండగా, మరియొకడు బర్రోను ఘోరముగా గ్రుద్ది పడవేసెను. ఆతడు లేచి, మరల వచ్చి, 40–32 తో జట్టును గెలిపించెను. పరదేశి మనవాడగుట యెప్పుడన్నచో, నా యెరుకలో, అట్టి దెబ్బ తిన్న తరువాతనే.

రెండవ యేడు వచ్చిన మార్పునకు కారణము ఒక్కడు కాడు. జో బ్రేడీ యను యువశిక్షకుడు న్యూ ఆర్లియన్స్ వృత్తిజట్టునుండి వచ్చి, బంతి విసరు పద్ధతులను క్రొత్తగా దిద్దెను. పూర్వము అందరును గుమిగూడి త్రోసికొనిపోవుట ఆ విద్యాలయపు సంప్రదాయము. ఇప్పుడు బంతి నందుకొను నలుగురైదుగురిని రంగమున నలువైపుల పరచిరి. అంతట ఎదిరిపక్షమును పలుచబడును. ఎచ్చట సందున్నదో క్వార్టర్‌బ్యాక్ చూచుకొనవచ్చును. ఈ చూపు బర్రోకు కలదు. తండ్రి కళాశాలా జట్టులకు శిక్షకుడు గనుక, ఎదిరిపక్షపు ఎత్తుగడలను చదువుట ఆతనికి ఇంట నేర్చిన విద్యయే కావచ్చును. అందుకొనువారిలో జమార్ చేస్, జస్టిన్ జెఫర్సన్ వంటివారుండిరి. ముందు నిలిచి కాపాడు బలిష్ఠులు దేశమున ఆ యేటి మేటి వరుసగా బహుమానము పొందిరి. ముప్పది యేండ్లు బడిపంతులుగా నున్న నాకు ఇందు వింత తోపదు: మంచి విద్యార్థి నడుమ వచ్చి చేరినచో, వెనుక బల్లలవారిలో అంతవరకు దాగియున్న తెలివియు బయటపడును. అయితే ఆ తెలివి వారిలో ముందే యుండవలెను గదా.

ఫలము విన్నచో ఆశ్చర్యము. 2019లో పదునైదు పోటీలకు పదునైదును గెలిచిరి. బర్రో విసరిన బంతులు నూటికి 76 పైగా గమ్యము చేరినవి. వానివలన సాగిన గజములు 5,671. గీత దాటించినవి 60. నవంబరు 9న అలబామాను వారి యింటనే 46–41 తో గెలిచి, వరుసగా ఎనిమిది ఓటముల ఋణము దీర్చుకొనిరి. 2020 జనవరి 13న న్యూ ఆర్లియన్స్‌లో, 29 పోటీలుగా ఓటమి యెరుగని క్లెమ్‌సన్ జట్టును 42–25 తో జయించి దేశమున ప్రథములైరి. ఉత్తమ కళాశాలా ఆటగానికిచ్చు హైస్‌మన్ బహుమానము బర్రోకు లభించెను. ఆ విద్యాలయమునకు అంతకుముందు అది వచ్చినది 1959లో ఒక్కమారే.

భాష చదివినవాడను గాన ఒక చిన్నముచ్చట విడువలేను. లూసియానా పూర్వము ఫ్రెంచివారి సీమ. అచ్చటి ఇంటిపేర్లలో చివర ‘ఓ’ యను ధ్వనికి నాలుగక్షరములు వ్రాయు వాడుక నేటికిని కలదు. స్వస్థలమున కడపటి పోటీనాడు బర్రో తన అంగీపై పేరును ఆ ఫ్రెంచి వర్ణక్రమమున వ్రాయించుకొని వచ్చెను. జనము పొంగిపోయిరి. అట్లని పుట్టినసీమను మరువలేదు. డిసెంబరు 14న హైస్‌మన్ సభలో, ఎథెన్స్ ప్రాంతమున ఆకలితో బడికి వచ్చు బిడ్డలనుగూర్చి కంట తడిపెట్టి పలికెను. విన్నవారు అచ్చటి అన్నదాన నిలయమునకు అయిదు లక్షల డాలర్లకు మించి పంపిరి.

అటుపిమ్మట? 2020లో వృత్తిజట్టులు కళాశాలలనుండి ఆటగాండ్రను ఎన్నుకొన్నపుడు, మొట్టమొదట పిలిచిన పేరు బర్రోదే; ఆ జట్టునుండి మొత్తము పదునలుగురు పోయిరి. బ్రేడీయు విడిచిపోయెను. ఆ యేడు లూసియానా గెలిచినవి అయిదు, ఓడినవి అయిదు. 2021 చివర ప్రధాన శిక్షకుడు ఎడ్ ఓర్జెరాన్‌ను సాగనంపిరి. ఒక్కయేటి పంటకు ఇంత పొగడ్త యేల యని యెవరైన నడిగినచో, ఆ పంట అబద్ధము కాదని మాత్రమే చెప్పగలను.

నా మనస్సు నిలుచునది మరియొకనియందు. బర్రో వచ్చునపుడు ఆ స్థానమునకై అచ్చట ఎదురుచూచుచున్నవారు కొందరుండిరి. ఇద్దరు ఆ వేసవిలోనే వేరు చోటులకు పోయిరి. 2017లో చేరిన మైల్స్ బ్రెన్నన్ పోలేదు. రెండేండ్లు వెనుక నిలిచెను. 2020లో వంతు వచ్చెను. మూడు పోటీలు నడపి గాయపడెను. 2021లో ఆటలు మొదలుకాకమునుపే చేయి విరిగెను. 2022లో ఆరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయమునుండి జేడెన్ డేనియల్స్ యను మరియొక వలస క్వార్టర్‌బ్యాక్ వచ్చెను. మరుసటి యేడు హైస్‌మన్ ఆతనికే దక్కెను. డేనియల్స్ వచ్చిన ఆ 2022 ఆగస్టులోనే బ్రెన్నన్ ఆట విడిచెను. అప్పటికాతడు బాటన్ రూజ్‌లో ఐదేండ్లు గడపినాడు.