విప్పి చెబితే పేటెంటు, దాచుకుంటే రహస్యం

బల్క్ డ్రగ్ కంపెనీలో ఒక కెమిస్టు మందు తయారీకి కొత్త పద్ధతి కనిపెట్టాడనుకుందాం. కంపెనీ దానికి పేటెంటు తీసుకోవాలా, గుట్టుగా వాడుకోవాలా? పీజీ స్థాయిలో మేధోసంపత్తి చట్టం చదివేవారు ముందుగా తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇదే.

పేటెంటు కావాలంటే ఆవిష్కరణను పూర్తిగా వివరించాలి. దరఖాస్తుదారు తనకు తెలిసిన అన్నిటికంటే మేలైన పద్ధతిని సైతం దరఖాస్తులో రాయాలని 1970 నాటి పేటెంట్ల చట్టం పదో సెక్షన్ చెబుతుంది. మామూలుగా 18 నెలలకు దరఖాస్తు ప్రచురిస్తారు. మంజూరైతే దాఖలు చేసిన తేదీ నుంచి 20 ఏళ్ల హక్కు ఉంటుంది. ప్రచురించాక తిరస్కరిస్తే మాత్రం పేటెంటూ దక్కదు, గుట్టూ మిగలదు.

ఆ హక్కుకూ షరతులున్నాయి. ఇది అర్థం కావాలంటే 2012 మార్చి నాటి నాట్కో ఉత్తర్వు చదవాలి. బేయర్ కంపెనీ క్యాన్సర్ మందు సొరాఫెనిబ్‌కు నెలకు సుమారు 2.80 లక్షల రూపాయలు అయ్యేది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో అదే మందును 8,800 రూపాయలకు ఇస్తానంది. ప్రజల అవసరం తీరడం లేదని, ధర అందుబాటులో లేదని, పేటెంటును ఇక్కడ వినియోగంలోకి తేలేదని తేల్చి, 84వ సెక్షన్ కింద పేటెంట్ల కంట్రోలర్ నాట్కోకు దేశంలోనే తొలి కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంటుదారు ఒప్పుకోకపోయినా తయారుచేసే అనుమతి, ఇచ్చారు. బేయర్‌కు అమ్మకాలపై 6 శాతం రాయల్టీ కట్టమన్నారు. రోగి పక్షాన చట్టం ఎంతదూరం రాగలదో ఇంత స్పష్టంగా చూపే పత్రం మరొకటి లేదని నా నమ్మకం.

వ్యాపార రహస్యాలకు మన దేశంలో ఇలాంటి ప్రత్యేక చట్టమే లేదు. ఒప్పందాలు, కోర్టు తీర్పులే ఆధారం. ఆ కెమిస్టు ఉద్యోగం మానేసి పోటీ కంపెనీలో చేరితే? 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చేరవద్దని కట్టడి చేసే షరతు సాధారణంగా చెల్లదు. కానీ పాత కంపెనీ రహస్య ఫార్ములాను వాడకుండా కోర్టు ఆపగలదు. ఏళ్ల తరబడి చేయి తిరగడం వల్ల వచ్చిన నేర్పు అతనిది, ఫార్ములా కంపెనీది. ఈ రెండింటినీ విడదీయడమే అసలు కష్టం. 2024 మార్చిలో లా కమిషన్ తన 289వ నివేదికలో ప్రత్యేక చట్టం కోసం ముసాయిదా బిల్లు ఇచ్చింది. విద్యార్థులు దాన్ని తప్పక చదవాలి.

ఇవన్నీ చదవాలనుకునేవారి కోసం హైదరాబాద్‌లోని న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్ పేటెంట్ల చట్టంలో పీజీ డిప్లొమా నడుపుతోంది. సైన్స్, ఇంజినీరింగ్ చదివినవారికి ఈ రంగంలో ఇంకో దారీ ఉంది. పేటెంట్ ఏజెంటు పరీక్ష రాయాలంటే ఆ డిగ్రీలే కావాలి. ఎల్ఎల్ఎం ఒక్కటే ఉంటే సరిపోదు.