వార్తల్లో పదం: సయాటికా

నడుము నొప్పల్లా సయాటికా కాదు. పిరుదులో మొదలై, తొడ వెనకగా పిక్క దాటి పాదం దాకా, సాధారణంగా ఒక కాలిలోనే కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వున లాగితే ఆ అనుమానం రావాలి. దగ్గినా తుమ్మినా అది ఎక్కువ కావచ్చు.

శరీరంలోకెల్లా లావైన నరం సయాటిక్. వెన్ను కింది భాగం నుంచి వచ్చే 5 నరాల వేళ్లు కలిసి అది ఏర్పడుతుంది. వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ పక్కకు జారి ఆ వేళ్లలో ఒకదాన్ని నొక్కడమే తరచూ కారణం. 1934లో అమెరికా వైద్యులు మిక్స్టర్, బార్ ఈ సంగతిని వివరించారు. పెద్ద వయసులో వెన్నులోని నాళం ఇరుకైనా వస్తుంది.

మొదటి రోజే ఎంఆర్ఐకి పరుగెత్తనక్కర్లేదు. స్కాన్‌లో డిస్క్ జారినట్టు కనిపించినా ఏ నొప్పీ లేనివాళ్లు బోలెడుమంది. చాలామందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గుతుంది. రోజుల తరబడి మంచం దిగొద్దన్న పాత సలహా వదిలేయండి, ఓర్చుకోగలిగినంత నడవాలి. ఎవరిచేతనో నడుము తొక్కించుకోవడం మాత్రం వద్దే వద్దు.

6 వారాలకీ తగ్గకపోయినా, నొప్పికి జ్వరం తోడైనా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా డాక్టర్‌ను కలవాలి. నడుస్తుంటే చెప్పు తెలియకుండా జారిపోతోందా? పాదం బలహీనపడుతోందేమో, వెంటనే చూపించుకోండి. మూత్రం బిగుసుకుపోయినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, మర్మాంగాల చుట్టూ స్పర్శ పోయినా అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లండి. అప్పుడు జాప్యం చేస్తే నష్టం శాశ్వతంగా మిగిలిపోవచ్చు.